106-0.. అమెరికా స్కూల్ ఫుట్‌బాల్‌లో ఇలాంటి స్కోర్లు ఎందుకొస్తున్నాయ్? ఏ బడి ఎవరితో ఆడాలో తేల్చే లెక్కలివే!

అమెరికాలో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్ రాత్రే. చిన్న ఊళ్లలో అయితే షాపులు కట్టేసి మరీ జనం స్టేడియానికి వెళ్తారు. అయితే అక్కడ 5,000 మంది పిల్లలున్న బడీ ఆడుతుంది, 60 మంది ఉన్న బడీ ఆడుతుంది. మరి ఎవరు ఎవరితో తలపడాలి? గెలిచేదెవరో ముందే తెలిసిపోయే మ్యాచ్‌లను ఆపేదెలా? దశాబ్దాలుగా ఒక్కో రాష్ట్రం ఒక్కో ఫార్ములా ప్రయోగిస్తూనే ఉంది. ఇంకా ఎవరికీ పూర్తిగా కుదర్లేదు. అసలా లెక్కలేంటి? అక్కడి తెలుగు కుటుంబాలకు ఇందులో ఏం పని? ఓసారి చూద్దాం.

ఒకే ఊరు.. రెండు బడులు.. 106-0

2021 అక్టోబర్ 29. కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో రెండు ప్రభుత్వ హైస్కూళ్ల మధ్య మ్యాచ్. ఇంగిల్‌వుడ్ హైస్కూల్ 106, మార్నింగ్‌సైడ్ హైస్కూల్ 0. మొదటి క్వార్టర్ అయ్యేసరికే స్కోరు 59-0. 104 పాయింట్లు వచ్చాక కూడా గెలుస్తున్న జట్టు ఇంకో రెండు పాయింట్ల కోసం ప్రయత్నించింది. దేశమంతా దుమారం రేగింది. ఆ ప్రాంత క్రీడా సంఘం దాన్ని ఖండించింది. గెలిచిన స్కూలే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

తప్పంతా కోచ్‌దేనని చాలామంది అన్నారు. స్కోరు పెంచుకుంటూ పోవడం కోచ్ చేతిలో పనే, కాదనలేం. కానీ అంత బలమైన జట్టును, అంత బలహీనమైన జట్టును ఒకే మైదానంలోకి దించింది ఎవరు? అది షెడ్యూల్ చేసిన పని. ఆ షెడ్యూల్ వెనుక ఉన్నది వర్గీకరణ. పైగా ఇవి రెండూ ఒకే ఊళ్లో, ఒకే విద్యా జిల్లా కింద నడిచిన ప్రభుత్వ బడులే. ఆ విద్యా జిల్లాలో పిల్లల సంఖ్య ఏటికేడు పడిపోవడంతో మార్నింగ్‌సైడ్‌ను మూసేస్తామని 2024లో ప్రకటించారు కూడా. ఇలాంటి రెండు జట్లకు మ్యాచ్ పెడితే మైదానంలో ఏం జరుగుతుందో ఆ రాత్రి అందరూ చూశారు.

ఫుట్‌బాల్‌లోనే ఎందుకింత గొడవ?

ముందు ఒక్క విషయం. ఇది మనం ఫుట్‌బాల్ అని పిలిచే సాకర్ కాదు. కోలగా ఉండే బంతి, హెల్మెట్లు, ఒకరినొకరు బలంగా ఢీకొట్టే ఆట. 9 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లల్లో ఏటా సుమారు 10 లక్షల మంది ఈ ఆట ఆడతారు. అమెరికాలో అబ్బాయిలు ఎక్కువగా ఆడే స్కూల్ క్రీడ ఇదే.

టెన్నిస్‌లో ఒక్క మంచి ప్లేయర్ ఉంటే చిన్న బడి కూడా మెరుస్తుంది. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురు చాలు. ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. మైదానంలో ఒకేసారి 11 మంది ఉంటారు. పెద్ద బడుల్లో దాడికి ఒక 11 మంది, డిఫెన్స్‌కి వేరే 11 మంది, కిక్కులకు ఇంకొందరు. వాళ్ల వెనుక రిజర్వ్ పిల్లలు. చిన్న బడిలో జట్టంతా కలిపి పాతిక మంది ఉంటే గొప్ప. దాడి చేసిన పిల్లాడే డిఫెన్స్‌కీ దిగాలి. చివరి క్వార్టర్‌కి కాళ్లు సహకరించవు. అవతలి వైపు మాత్రం కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు.

అలసిన పిల్లాడు, తనకన్నా పాతిక కిలోలు ఎక్కువున్న పిల్లాడిని ఢీకొట్టాల్సిన ఆట ఇది. అందుకే ఇక్కడ జోడీ కుదరకపోతే పోయేది పరువు ఒక్కటే కాదు, దెబ్బలు తగులుతాయి. వరుసగా చిత్తుగా ఓడే జట్టులో మరుసటి ఏడాది పేరు ఇవ్వడానికి పిల్లలు వెనకాడతారు. జట్టు ఇంకా చిన్నదవుతుంది, ఇంకా ఓడుతుంది. ఆఖరికి సీజన్ మధ్యలోనే చేతులెత్తేసే పరిస్థితి వస్తుంది.

మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలన్నీ అండర్-14, అండర్-17, అండర్-19 అంటూ వయసు లెక్కన జరుగుతాయి. బడి పెద్దదా చిన్నదా అని ఎవరూ అడగరు. అమెరికాలో మాత్రం మొదటి ప్రశ్నే అది.. మీ బడిలో ఎంతమంది పిల్లలు?

టెక్సాస్ లెక్క: తలలు లెక్కపెట్టు.. గ్రూపులు కట్టు

పిల్లల సంఖ్యను బట్టి బడులను విడగొట్టడం ఎలా ఉంటుందో అర్థం కావాలంటే టెక్సాస్‌ను చూడాలి. అక్కడ స్కూల్ పోటీలన్నీ యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్ అనే సంస్థ చూస్తుంది. అందరూ యూఐఎల్ అంటారు. బడుల్ని 1ఏ నుంచి 6ఏ వరకు ఆరు తరగతులుగా విభజిస్తుంది. 6ఏ అంటే అన్నిటికన్నా పెద్దవి. ఈ 6ఏ తరగతి 2014లోనే వచ్చింది. అంతకుముందు 5ఏనే పెద్ద.

రెండేళ్లకోసారి అక్టోబర్ చివర్లో ఒక రోజు ప్రతి బడిలో పిల్లల్ని లెక్కిస్తారు. తర్వాతి ఫిబ్రవరి మొదట్లో కొత్త గ్రూపులు ప్రకటిస్తారు. మన దగ్గర ఇంటర్ ఫలితాల రోజు ఎంత టెన్షన్ ఉంటుందో, టెక్సాస్ కోచ్‌లకు ఆ రోజు అంత టెన్షన్. ఎవరితో ఆడాలి, ఎంత దూరం బస్సులో వెళ్లాలి, రాబోయే రెండేళ్లు ఎలా ఉండబోతున్నాయి.. అన్నీ ఆ ఒక్క రోజే తేలిపోతాయి.

2024-26 సీజన్లకు 6ఏ కటాఫ్ 2,275 మంది. ఇక్కడే ఉంది తిరకాసు. 2,274 మంది ఉన్న బడి 5ఏలో అందరికన్నా పెద్ద బడి. ఇంకొక్క విద్యార్థి చేరి 2,275 అయితే అదే బడి 6ఏలో అందరికన్నా చిన్నది. ఎందుకంటే 6ఏకి పై హద్దు లేదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆలెన్ హైస్కూల్‌లో 5,000 మందికి పైగా చదువుతారు. ఆ ఊరంతటికీ అదొక్కటే ప్రధాన హైస్కూల్. 2012లో దాదాపు 6 కోట్ల డాలర్ల ఖర్చుతో 18,000 సీట్ల స్టేడియం కట్టుకుంది. 2012, 2013, 2014.. వరుసగా మూడేళ్లు రాష్ట్ర చాంపియన్ అయ్యింది.

ఈ తేడాను కొంత తగ్గించడానికి యూఐఎల్ ఓ మార్గం చూసింది. ప్రతి తరగతిలో మళ్లీ రెండు డివిజన్లు పెట్టింది. 6ఏలో అయితే ఒక్కో జిల్లా నుంచి ప్లేఆఫ్‌కు వెళ్లే నాలుగు జట్లలో పెద్ద బడులు రెండు డివిజన్-1కి, చిన్న బడులు రెండు డివిజన్-2కి వెళ్తాయి. అలా ఒక్క రాష్ట్రంలోనే ఏటా 12 మంది ఫుట్‌బాల్ చాంపియన్లు తేలతారు.

మరి తలల లెక్క ఎక్కడ దెబ్బతింటోంది?

పిల్లలు ఎక్కువుంటే మంచి ఆటగాళ్లు కూడా ఎక్కువుంటారు.. తలల లెక్క వెనుక నమ్మకం ఇదే. ఇది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, ఆ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారు?

ప్రభుత్వ బడికి సాధారణంగా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులో కాపురం ఉన్నవాళ్ల పిల్లలే వస్తారు. ప్రైవేటు బడికి ఆ గీత లేదు. యాభై కిలోమీటర్ల అవతలి నుంచి కూడా పిల్లాడు రావొచ్చు. ఇద్దరి దగ్గరా 1,000 మందే ఉండొచ్చు. కానీ ఒకరికి దొరికినవాళ్లే దిక్కు, ఇంకొకరికి ఎంచుకునే వీలుంది. కాలిఫోర్నియానే తీసుకోండి. అక్కడి సదరన్ సెక్షన్ టాప్ డివిజన్ టైటిల్‌ను 2016 నుంచి 2024 దాకా రెండే రెండు క్యాథలిక్ బడులు పంచుకున్నాయి. ఒకటి మేటర్ డే, రెండోది సెయింట్ జాన్ బాస్కో. కోవిడ్ వల్ల ప్లేఆఫ్స్ జరగని 2020 ఒక్కటే మినహాయింపు. చుట్టుపక్కల వీటికన్నా పెద్ద ప్రభుత్వ బడులు చాలా ఉన్నాయి. అయినా ఒక్కటీ ఆ వరుసను తెంచలేకపోయింది.

గొడవంతా ప్రైవేటు బడులతోనే అనుకుంటే పొరపాటు. కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు కూడా హద్దు బయటి పిల్లల్ని చేర్చుకోవచ్చు. ధనిక శివారు ప్రాంతంలోని ప్రభుత్వ బడికీ, పేద బస్తీలోని ప్రభుత్వ బడికీ తలలు సమానమే కావొచ్చు. ఒకచోట పిల్లలు వేసవంతా క్యాంపులకు వెళ్తారు, సొంత ట్రైనర్లు ఉంటారు. ఇంకోచోట పిల్లాడు బడి అయ్యాక ఏదో షాపులో పనికి వెళ్లాలి. ఈ తేడాలేవీ తలల లెక్కకు కనబడవు.

రాష్ట్రానికో ఫార్ములా

ఇలినాయ్: ఇక్కడ 2005లో గుణకారం పద్ధతి తెచ్చారు. హద్దు లేని బడిలో పిల్లల సంఖ్యను 1.65తో గుణిస్తారు. అంటే 1,000 మంది ఉన్న ప్రైవేటు బడిని 1,650 మంది ఉన్నట్టు లెక్కేసి పెద్ద తరగతిలోకి పంపుతారు. సింపుల్ లెక్కే. కానీ అన్ని ప్రైవేటు బడులూ ఒకటి కాదు కదా. ఏళ్ల తరబడి ఓడుతున్న చిన్న చర్చి బడికీ, చాంపియన్ బడికీ ఒకే శిక్ష అయితే ఎలా అని గోల మొదలైంది. తర్వాత మినహాయింపులు, గెలుపులను బట్టి పైకి పంపే నిబంధనలు వచ్చి చేరాయి.

ఒహాయో: 'కాంపిటీటివ్ బ్యాలెన్స్' అనే మాట నిబంధనల పుస్తకంలోకి ఎక్కింది ఇక్కడే. ప్రైవేటు బడులు సంఖ్యకు మించి టైటిల్స్ ఎగరేసుకుపోతున్నాయన్నది ప్రభుత్వ బడుల ఫిర్యాదు. 2011, 2012, 2013.. మూడుసార్లు బడుల మధ్య ఓటింగ్ పెడితే మూడుసార్లూ ప్రతిపాదన వీగిపోయింది. నాలుగోసారి 2014లో గట్టెక్కింది. అమలైంది 2017-18 నుంచి. ఇందులో బడి మొత్తాన్ని గుణించరు. జట్టు జాబితా తీసుకుని, అందులో ఏ పిల్లాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూస్తారు. బయటి నుంచి వచ్చిన ఒక్కో ఆటగాడికి ఇన్ని అని అదనపు తలలు కలుపుతారు. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా ఇదే లెక్క. కాస్త న్యాయంగానే ఉంది. కాకపోతే ప్రతి ఆటలో ప్రతి పిల్లాడి అడ్రస్ రికార్డు పెట్టాలి. స్కూల్ ఆఫీసులకు అదో పెద్ద పని.

ఇండియానా: ఇక్కడ 2012లో వేరే దారి పట్టారు. ఎక్కడి నుంచి వచ్చారన్నది వదిలేయ్, గెలుస్తున్నావా లేదా చెప్పు. టోర్నీలో ఒక్కో మెట్టు గెలుపుకు ఇన్ని పాయింట్లని పెట్టారు. రాష్ట్ర టైటిల్‌కు 4. రెండేళ్లలో 6 లేదా అంతకన్నా ఎక్కువ పాయింట్లు వస్తే ఆ ఆటలో పై తరగతికి వెళ్లాల్సిందే. వినడానికి బాగుంది. కానీ హైస్కూల్ పిల్లలు నాలుగేళ్లే ఉంటారు. టైటిల్ గెలిచిన 12వ తరగతి కుర్రాళ్లు పాసై వెళ్లిపోతారు. వాళ్ల గెలుపు తాలూకు బరువు కింది తరగతి పిల్లల మీద పడుతుంది. అన్నలు పండగ చేసుకుంటే తమ్ముళ్లు బిల్లు కట్టినట్టన్నమాట.

కాలిఫోర్నియా: సదరన్ సెక్షన్‌లో సీజన్ మొత్తం అయ్యాక కంప్యూటర్ రేటింగ్ చూసి ప్లేఆఫ్ డివిజన్లు కడుతున్నారు. ఈ ఏడాది జట్టు ఎంత బలంగా ఉందో దాన్ని బట్టే ప్రత్యర్థి. దీంతో ప్లేఆఫ్స్‌లో మ్యాచ్‌లు హోరాహోరీగా సాగుతున్నాయి. ఇంకోవైపు సీజన్‌లో సగం మ్యాచ్‌లు ఓడిన జట్టు కూడా కింది డివిజన్‌లో చాంపియన్ కావొచ్చు. ఇదేం చాంపియన్‌షిప్ అని పాతతరం కోచ్‌లు పెదవి విరుస్తున్నారు. గమనించాల్సిన ముఖ్య విషయం ఇంకోటుంది. ఈ రేటింగ్ ప్లేఆఫ్స్‌కే. అంతకుముందు ఆడే లీగ్ మ్యాచ్‌లకు కాదు. 106-0 వచ్చింది కూడా లీగ్ మ్యాచ్‌లోనే.

ఫ్లోరిడా: ఇక్కడ 2022లో ఊరి స్వభావాన్నే లెక్కలోకి తీసుకున్నారు. జనాభా ఎక్కువున్న కౌంటీల బడులు మెట్రో గ్రూపులో, మిగతావి సబర్బన్ గ్రూపులో, చిన్న పల్లెల బడులు రూరల్ గ్రూపులో. రెండు సీజన్లు నడిచాక మెట్రో-సబర్బన్ విభజన ఎత్తేశారు. 2024లో మళ్లీ పాత పద్ధతికే వెళ్లారు.

మినెసోటా, ఒరెగాన్ లాంటి రాష్ట్రాలు పేదరికాన్ని కూడా లెక్కలో చేర్చాయి. ఉచిత భోజనం, తక్కువ ధర భోజనం పథకంలో ఉన్న పిల్లల సంఖ్యను బట్టి బడి మొత్తం లెక్కను కొంత తగ్గిస్తారు. అలా పేద ప్రాంతపు బడికి తనకన్నా కాస్త చిన్న బడులతో ఆడే అవకాశం వస్తుంది.

ఇక టెక్సాస్, న్యూజెర్సీ లాంటివి పూర్తిగా వేరు దారి పట్టాయి. టెక్సాస్‌లో రెండు జెసూట్ బడులు మినహా ప్రైవేటు బడులకు యూఐఎల్‌లో చోటే లేదు, వాటికి వేరే సంఘం ఉంది. న్యూజెర్సీలో ప్రభుత్వ బడులకు, ప్రైవేటు బడులకు విడివిడిగా చాంపియన్‌షిప్‌లు జరుగుతాయి.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ ఉత్తరం

ఈ గొడవ ఎంత ముదిరిందో చెప్పడానికి టెనెసీ కేసు చాలు. 1997లో బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు బడి ఫుట్‌బాల్ కోచ్, అప్పటికే అక్కడ సీటు ఖాయం చేసుకున్న ఎనిమిదో తరగతి పిల్లలకు ఉత్తరం రాశాడు. వసంతకాలం ప్రాక్టీసుకు రండి అన్నది దాని సారాంశం. ఇది ఆటగాళ్లకు గాలం వేయడమేనని రాష్ట్ర క్రీడా సంఘం తేల్చింది. 3,000 డాలర్ల జరిమానా వేసి, రెండేళ్లు ప్లేఆఫ్స్ ఆడకుండా ఆపేసింది. బడి కోర్టుకెక్కింది.

కేసు అమెరికా సుప్రీంకోర్టుకు రెండుసార్లు వెళ్లింది. 2001లో 5-4 తీర్పుతో బడి గెలిచింది. సంఘం పేరుకు ప్రైవేటే అయినా ప్రభుత్వ వ్యవస్థలా పనిచేస్తోంది కాబట్టి రాజ్యాంగ హక్కులకు కట్టుబడాల్సిందేనని కోర్టు చెప్పింది. 2007లో మాత్రం సంఘం గెలిచింది. పిల్లల్ని ఆట కోసం ఆకర్షించకూడదన్న నిబంధన వాక్ స్వాతంత్ర్యాన్ని దెబ్బతీయదని తీర్పు వచ్చింది. ఆటగాళ్ల కోసం బడులు వేట సాగించకుండా అడ్డుకునే అధికారం సంఘాలకు ఉందని దాంతో తేలిపోయింది.

60 మంది బడికి ఆరుగురి ఆట

ఇన్ని లెక్కల మధ్య నిజంగా పనిచేసిన మార్గం ఒకటుంది. 1934లో నెబ్రాస్కాలోని చెస్టర్‌లో స్టీఫెన్ ఎప్లర్ అనే కోచ్ ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్ తయారుచేశాడు. అవి మహా మాంద్యం రోజులు. పల్లె బడుల్లో 11 మందిని పోగుచేయడమే కష్టం. 100 గజాల మైదానాన్ని 80 గజాలు చేశారు. వెడల్పు 40 గజాలు. తేడా 45 పాయింట్లకు చేరితే, సగం ఆట అయ్యాక మ్యాచ్ అక్కడితో ఆపేస్తారు. టెక్సాస్ 1ఏ బడులు నేటికీ ఇదే ఆడుతున్నాయి. వాటి ఫైనల్ కూడా డాలస్ కౌబాయ్స్ ఆడే ఆర్లింగ్టన్ స్టేడియంలోనే జరుగుతుంది.

చిన్న బడిని పెద్ద ఆటలోకి ఈడ్చకుండా, ఆటనే బడికి సరిపడా కుదించారు. అందుకే పశ్చిమ టెక్సాస్ పత్తి చేల మధ్య ఉన్న ఊళ్లలో ఇప్పటికీ శుక్రవారం రాత్రి లైట్లు వెలుగుతున్నాయి.

అందరూ విడిపోతే మజా ఏముంది?

ఈ వాదనా బలంగానే ఉంది. 1954లో ఇండియానాలో 161 మంది విద్యార్థులున్న మైలన్ అనే బడి, బాస్కెట్‌బాల్ రాష్ట్ర ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని 32-30తో ఓడించింది. అప్పట్లో అక్కడ తరగతులు లేవు, అందరికీ ఒకటే టోర్నీ. 1997-98లో బాస్కెట్‌బాల్‌కూ తరగతులు పెట్టినప్పుడు, ఇక మైలన్ కథ మళ్లీ జరగదని ఆ రాష్ట్రంలో చాలామంది బాధపడ్డారు.

అయితే అది బాస్కెట్‌బాల్. అలాంటి అద్భుతం కోసం ఎదురుచూస్తే అక్కడ మిగిలేది మహా అయితే ఓటమి. ఫుట్‌బాల్‌లో ఎదురుచూడటానికి కూడా ఒళ్లు ఒప్పుకోవాలి.

అన్ని ఫార్ములాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. తలల సంఖ్య కొలవడం తేలిక, కానీ అది బలాన్ని పూర్తిగా చెప్పదు. గెలుపు బలాన్ని చెబుతుంది, కానీ దాని బరువు వచ్చే ఏడాది పిల్లల మీద వేస్తుంది. ఆటగాడి అడ్రస్ చూడటం న్యాయమే, కానీ ఆఫీసు పని పెరుగుతుంది. ఉన్నవాటిలో ఒహాయో, మినెసోటా పద్ధతులు అసలు కారణానికి దగ్గరగా ఉన్నాయి. ఒకటి ఎంచుకునే వీలు ఎంతుందో చూస్తోంది, రెండోది చేతిలో డబ్బు ఎంతుందో చూస్తోంది. మైదానంలో తేడా తెచ్చేది చాలావరకు ఈ రెండే.

మన పేరెంట్స్‌కి ఇందులో ఏం పని?

మావాడు ఫుట్‌బాల్ ఆడడు కదా అని తెలుగు పేరెంట్స్ అనుకోవచ్చు. కానీ ఈ ఏ-ల లెక్క ఫుట్‌బాల్‌తో ఆగదు. టెక్సాస్‌లో టెన్నిస్, క్రాస్ కంట్రీ, మార్చింగ్ బ్యాండ్, గణితం, స్పెల్లింగ్, డిబేట్ లాంటి యూఐఎల్ పోటీలకు కూడా బడి తరగతులు ఉన్నాయి. మీ పాప స్పెల్లింగ్ పోటీలో ఎవరితో తలపడుతుందో కూడా ఈ తలల లెక్కే తేలుస్తుంది.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఫ్రిస్కోనే చూడండి. పక్కనే ఉన్న ఆలెన్ ఊరంతటికీ ఒకే పెద్ద హైస్కూల్ ఉంచుకుంటే, ఫ్రిస్కో విద్యా జిల్లా ఉద్దేశపూర్వకంగా చిన్న హైస్కూళ్లు కడుతూ పోయింది. ఇప్పుడు 12 ఉన్నాయి. జట్లు ఎక్కువైతే ఎక్కువమంది పిల్లలకు ఆడే చాన్స్ వస్తుందన్నది వాళ్ల మాట. ఆలెన్‌కు ట్రోఫీలు ఎక్కువ, ఫ్రిస్కోలో జట్టులో చోటు ఎక్కువ. ఏది కావాలన్నది ఆ ఊరి నిర్ణయం.

ఇంకో జాగ్రత్త. ఆట కోసమే బడి మార్చారని తేలితే యూఐఎల్ నిబంధనల ప్రకారం ఆ పిల్లాడు కనీసం ఏడాది పాటు వర్సిటీ.. అంటే బడి ప్రధాన జట్టు తరఫున ఆడకూడదు. పాత బడిలో ఆడిన పిల్లాడు కొత్త బడిలో చేరితే ఓ ఫారం నింపాలి. దానిపై పాత బడి కూడా తన మాట చెబుతుంది. ఇది ఫుట్‌బాల్‌కే కాదు, టెన్నిస్‌కూ వర్తిస్తుంది. మంచి కోచ్ ఉన్నాడని 10వ తరగతిలో ఇల్లు మారే ఆలోచన ఉంటే, ముందు ఆ బడి అథ్లెటిక్ ఆఫీసులో ఒక్క మాట అడగండి. లీజు మీద సంతకం పెట్టాక అడిగితే ఏడాది పోతుంది. హైస్కూల్‌లో ఉండేదే నాలుగేళ్లు.